చొప్పదండి పోయి చొచ్చెఁ గడలి (టీకా తాత్పర్య సహితము)

మూలము

డౌనులోడు చేసి డాబుగా నొక్కుచు
నెక్స్టు నెక్స్టటంచు నిష్ఠతోడఁ
బటము తెఱచి చూడ బాలుఁ డచ్చెరువందె
చొప్పదండి పోయి చొచ్చెఁ గడలి

అవతారిక

మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేటప్పుడు ఆయన రెండు మాటలిచ్చాడు: మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. మొదటి మాటకు మేమూ కట్టుబడి ఉంటాం. రెండోదానికి కట్టుబడితే టీక అరపేజీ దాటదు, పత్రికవారు ఊరుకోరు.

పై ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. నెక్స్టు అన్న ప్రయోగాన్ని బట్టి విండోస్ యుగం నాటిదని, కడలి అని వాపోవడాన్ని బట్టి సముద్రం లేని జిల్లావాడిదని చెప్పవచ్చు. ఆ నేలకు పద్యం కొత్త కాదు. చొప్పదండి నియోజకవర్గంలోనే గంగాధర మండలం కురిక్యాలలో, బొమ్మలమ్మ గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో సంస్కృత కన్నడాలతో పాటు మూడు తెలుగు కందాలు చెక్కించాడు. ఆ బండ ఇంతవరకు ఎవరినీ అప్‌డేట్ అడగలేదు.

సందర్భమేమనగా: కరీంనగర్ జిల్లా చొప్పదండిలో ఒక డిగ్రీ విద్యార్థికి, ఊరి చెరువు, కట్ట, తూములు, ఆయకట్టు, చుట్టుపక్కల బావులు పటంగా గీసి తెమ్మని సారు ప్రాజెక్టు ఇచ్చాడు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన నాటి నుంచి సార్లకు చెరువు ప్రాజెక్టంటే ప్రీతి. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు గనుక ఎందరు విద్యార్థులున్నా తలా ఒకటి వస్తుంది. పిల్లవాడు ఫోను పట్టుకొని కట్ట మీద తిరిగి, ప్రతి బావి దగ్గరా అక్షాంశ రేఖాంశాలు రాసుకొచ్చాడు. ఇక మిగిలింది వాటిని పటం మీద పెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించడం. ఆ కంప్యూటర్ అక్క ఇంటర్‌లో ఉండగా కొన్నది. అక్కకు పెండ్లయింది. పెండ్లి వీడియోలు సీ డ్రైవ్‌లోనే ఉన్నాయి.

ప్రతిపదార్థము

డౌనులోడు చేసి = దింపుకొని. ఏమి దింపుకొని? మూలంలో కర్మపదం లేదు. కవి లోపమని కొందరు. లోపం కాదు, ఇక్కడ పెద్ద వాదమే నడిచింది కనుక కవి తప్పించుకున్నాడు.

పూర్వపక్షము: బస్టాండు నెట్ సెంటర్ సంప్రదాయంవారు, డబ్బు కట్టే సాఫ్ట్‌వేరే అసలైనదని, అది క్రాక్‌తో సహా పెన్‌డ్రైవ్‌లో దొరుకుతుందని అంటారు. "గంత పెద్దది నెట్ల దింపుకునుడెందుకు తమ్మీ, ఫ్రీగ ఏస్త పా" అని వారి సూత్రం. సిద్ధాంతము: క్రాక్‌లో ఫ్రీగా వచ్చేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. పైగా ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆర్క్‌మ్యాప్. 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో పుట్టిన ఎస్రీ కంపెనీ సరుకు. దానికి 2026 మార్చి 1తో సేవలు ఆపేస్తామని ఆ కంపెనీయే ప్రకటించింది. దొంగతనానికి దిగినవాడు కాలం చెల్లిన సొమ్ము ఎత్తుకెళ్లడం ఏ శాస్త్రంలోనూ లేదు. కాబట్టి కర్మపదం, దొంగిలించే అవసరమే లేని క్యూజీఐఎస్ అని అధ్యాహారం చేసుకోవాలి.

క్యూజీఐఎస్‌ను 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు. అప్పటి పేరు క్వాంటం జీఐఎస్. ఇప్పుడు దేశదేశాల వాళ్లు కలిసి రాస్తున్నారు. ఒక్కో విడుదలకు ఒక్కో ఊరి పేరు పెడతారు: 3.28 ఫిరెంజె, 3.34 ప్రిజ్రెన్, 3.40 బ్రాటిస్లావా. వీటిలో దీర్ఘకాల విడుదల అన్న ముద్ర ఉన్నదే విద్యార్థికి గ్రాహ్యం. కొత్తదానికి ఎగబడితే ప్రాజెక్టు గడువుకు ముందు రోజు ఏదో ఒక బొత్తం స్థలం మారుతుంది.

'దింపుకొని' అనడం తేలిక. విండోస్ ప్యాకేజీ ఒక జీబీకి పైమాటే. ఇంట్లో నెట్ అంటే బాపు ఫోను హాట్‌స్పాట్, రోజుకు ఒకటిన్నర జీబీ. అంటే ఈ రెండు మాటల వెనుక ఇంటిల్లిపాది వాట్సాప్ ఉపవాసం ధ్వనిస్తున్నది. "నా ఫోన్ల నెట్టంత ఎవడు తిన్నడురా?" అన్న బాపు వాక్యం మూలంలో లేదు గాని, ప్రతి వ్యాఖ్యాతా ఉటంకించాడు.

దింపినది ఎక్కాలంటే యంత్రం 64 బిట్లది కావాలి. 3.20 నుంచి 32 బిట్ల విండోస్‌కు ప్యాకేజీ ఇవ్వడం మానేశారు. ఈ సంగతి దింపకముందు తెలుసుకోవడం ఒక పద్ధతి, దింపాక తెలుసుకోవడం లోకాచారం. 'దిస్ పీసీ' మీద కుడి క్లిక్కు కొట్టి, ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ అన్న వరుస చదివితే చాలు.

డాబుగా నొక్కుచు = దర్జాగా క్లిక్కు కొడుతూ. ఈ డాబుకు ఆధారం విండోస్ అడిగే ప్రశ్న. తెర అంతా మసకబారి, ఈ యాప్ మీ యంత్రంలో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఇంట్లో ఏ విషయంలోనూ మన ఒప్పుకోలు ఎవరూ అడగని వయసులో, ఒక యంత్రం ఇంత మర్యాదగా అడిగితే డాబు రాకుండా ఉంటుందా?

నెక్స్టు నెక్స్టు అటంచు = చదవకుండా ముందుకు పోతూ. ద్విరుక్తి త్వరను సూచిస్తుంది. 'క్లిక్కు క్లిక్కటంచు' అని పాఠాంతరం ఉంది కాని, దానికీ 'నిష్ఠ'కూ యతి కుదరదు. పరిహార్యం.

ఆ నెక్స్టుల్లో ఒకటి లైసెన్సు తెర. దాన్ని చదివినవాణ్ని మేమింతవరకు చూడలేదు. చదివితే తెలిసేదేమంటే, ఇది జీపీఎల్ అనే లైసెన్సు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ఉద్యమం నుంచి వచ్చింది. ఆ మతంలో పురుషార్థాలవలెనే స్వేచ్ఛలు నాలుగు: దేనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు, నకలు తీసి పంచవచ్చు, మార్చి పంచవచ్చు. వాటి లెక్క సున్నాతో మొదలవుతుంది గనుక నాలుగోదాన్ని మూడో స్వేచ్ఛ అంటారు. చొప్పదండి పిల్లవాడు దీన్ని వాడుకొని, పెన్‌డ్రైవ్‌లో వేసి ధర్మారం దోస్తుకు ఇచ్చినా దొంగతనం కాదు. ఈ ఒక్క తెర చదివి ఉంటే పైన చెప్పిన పూర్వపక్షమే పుట్టేది కాదు.

తరువాతి తెరలో ఒక పచ్చని పట్టీ మెల్లగా నిండుతుంది. చివరికి వచ్చి ఆగినట్టుంటుంది. ఆగదు. ఈ దశలో నెట్ సెంటర్ సంప్రదాయంవారు రీస్టార్ట్ కొట్టమంటారు, వినరాదు. లోపల వేల కొద్దీ చిన్న ఫైళ్లు సర్దుకుంటున్నాయి. వెంట గ్రాస్ అనే మరో సాఫ్ట్‌వేర్ కూడా దిగుతుంది. అమెరికా సైన్యపు ఇంజనీర్లు 1982లో మొదలుపెట్టినది అది. చొప్ప పేరులోనే ఉన్న ఊరికి గడ్డి ఎందుకని దాన్ని డిలీట్ కొట్టకూడదు. నీటివాలు లెక్కలకు పనికొస్తుంది.

నిష్ఠతోడన్ = శ్రద్ధతో. వ్యంగ్యము.

పటము తెఱచి చూడన్ = సాఫ్ట్‌వేర్ తెరిచి చూడగా. ఇక్కడ విద్యార్థులందరికీ ఒకే అనుభవం: తెల్లగా ఉంటుంది. పటమనే సాఫ్ట్‌వేర్‌లో పటం ఉండదు. గూగుల్ మ్యాప్స్‌కు అలవాటుపడినవాడు ఇది చెడిపోయిందని తీర్మానించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు. మళ్లీ తెల్లగానే ఉంటుంది. నిజానికి ఇది పటాలు చూపే యంత్రం కాదు, మనం ఇచ్చిన అంకెలను నేల మీద పెట్టే యంత్రం. ఇవ్వనిది చూపదు. ఒక్క రహస్యం మాత్రం ఉంది. తెర అడుగున కోఆర్డినేట్ అని చిన్న గడి కనిపిస్తుంది. అందులో 'వరల్డ్' అని ఇంగ్లిషులో టైపు చేసి ఎంటర్ కొడితే భూమండలమంతా ప్రత్యక్షమవుతుంది. ఇది ఉపదేశం లేనిదే తెలియదు కనుక టీకలో చేర్చాం. అక్కడి నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను లాక్కోవచ్చు. ఇస్రో వారి భువన్‌ను కూడా. హైదరాబాదు బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ 2009 నుంచి నడుపుతున్నది అది.

బాలుఁడు = డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి. మీసం వచ్చినవాణ్ని బాలుడనవచ్చా అని శంక. ఓటీపీ ఇంకా బాపు ఫోనుకే వస్తున్నది గనుక అనవచ్చు.

అచ్చెరువందెన్ = ఆశ్చర్యపోయెను. అద్భుత రసం. మరుసటి రోజు ప్రాజెక్టు ఇవ్వాలి కనుక కరుణలోకి జారుతుంది.

చొప్పదండి = ఆ పేరుగల మండల కేంద్రము. 'అచ్చెరువందెన్' ద్రుతాంతం కాబట్టి సరళాదేశం చేసి 'జొప్పదండి' అనాలని వ్యాకరణం. కవి ఎందుకు చేయలేదు? ఆధార్‌తో సరిపోదు. సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి వ్యాకరణమే పాటిస్తుంది. పటంలోని మండలాన్ని జనాభా పట్టికలోని మండలంతో కలపాలంటే రెండు చోట్లా స్పెల్లింగు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక పట్టికలో చివర 'ఐ', ఇంకో పట్టికలో చివర 'వై' ఉంటే, చొప్పదండి జనాభా ఖాళీగా వస్తుంది. ఊరు ఊరంతా వలస పోయినట్టు ఉంటుంది పట్టిక.

ఇంకా కష్టం షేప్‌ఫైల్‌తో. పేరుకు ఫైలు ఒకటే గాని, అది కనీసం మూడు ఫైళ్ల ఉమ్మడి కుటుంబం: ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్. ఇంటి అడ్రసు రాసి ఉండేది పీఆర్‌జే అనే నాలుగోదానిలో. దోస్తు వాట్సాప్‌లో మొదటిదొక్కటే పంపి, పటం పంపానంటాడు. అది తెరుచుకోదు. అన్నీ పంపినా డీబీఎఫ్‌లో నిలువు వరుస పేరుకు పది బైట్లే జాగా. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. 'మండలం' అని పేరు పెడితే మూడు గుర్తులు పట్టి మిగతావి తెగిపోతాయి, 'మండ' మిగులుతుంది. పిల్లవాడి అప్పటి మనఃస్థితికి అది సరిపోయింది.

దింపుకొన్న జిల్లాల పటం కూడా పాతదే. అందులో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఇంకా కరీంనగర్‌లోనే ఉన్నాయి. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయని, 2019లో 33 అయ్యాయని దానికి కబురు అందలేదు. చొప్పదండి ఎటూ పోకుండా కరీంనగర్‌లోనే ఉండిపోయింది కనుక ఈ ఒక్క గండం తప్పింది.

పోయి, కడలిన్ చొచ్చెన్ = వెళ్లి సముద్రంలో ప్రవేశించెను. పద్యానికి ప్రాణం ఇదే, ఇక్కడ మేము తొందరపడము.

చొప్పదండి సుమారు 18.58 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.17 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. ఫోను చూపింది ఆ అంకెలే. పిల్లవాడు వాటిని ఎక్సెల్‌లో కొట్టి, సీఎస్‌వీగా మార్చి, సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఒక్క ప్రశ్న అడిగింది: ఈ అంకెలు ఏ సీఆర్ఎస్‌లో ఉన్నాయి? అనగా ఇవి డిగ్రీలా, మీటర్లా, ఎక్కడి నుంచి కొలిచినవి? ఆ గడిలో అప్పటికే ఏదో రాసి ఉంది. నెక్స్టుకు అలవాటుపడ్డ వేలు దాన్ని అలాగే ఒప్పుకుంది.

రాసి ఉన్నది 3857. వెబ్ పటాలు చాలావరకు వాడే కొలత అది, మీటర్లలో ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ముందే వేసుకున్నందున ప్రాజెక్టు దానిలోకి మారి కూర్చుంది. ఇక యంత్రం ఏం చేయాలి? 79.17 అంటే 79 మీటర్లు తూర్పుకు, 18.58 అంటే పంతొమ్మిది మీటర్లు ఉత్తరానికి. ఎక్కడి నుంచి? భూమధ్యరేఖా, గ్రీనిచ్ రేఖా కలిసే సున్నా సున్నా బిందువు నుంచి. ఆ బిందువు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో, నడి సముద్రంలో ఉంది. ఊరి బావులన్నీ, చెరువు కట్టతో సహా, దాదాపు 8,900 కిలోమీటర్లు ప్రయాణించి అక్కడ ఒక్క చుక్కలో కుప్పపడ్డాయి. చెరువుకు నీళ్ల కొదవ తీరింది.

ఇది ఒక్క చొప్పదండికి పట్టిన గతి కాదు. లోకంలో సీఆర్ఎస్ తప్పిన ఊళ్లు, అడ్రసు ఖాళీగా వదిలిన రికార్డులు అన్నీ చేరేది ఆ నీళ్లలోకే. పటాలవాళ్లు దానికి సరదాగా నల్ ఐలాండ్ అని పేరు పెట్టారు. దీవి ఏమీ లేదు.

'చొప్పదండి పోయి చొచ్చె మంచు' అని మరో పాఠం కనిపిస్తున్నది. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, అర్థమూ సరిపోతుంది. ఎట్లాగంటే, సాఫ్ట్‌వేర్ ఎక్స్ అని, వై అని రెండు గడులు చూపుతుంది. ఎక్స్ అడ్డం, అంటే రేఖాంశం. మనమేమో నోటితో ఎప్పుడూ 'లాట్-లాంగ్' అంటాం, అక్షాంశం ముందు. నోటి వరుసలోనే చేయీ పోతే 79.17 అక్షాంశమవుతుంది, 18.58 రేఖాంశమవుతుంది. అక్కడున్నది నార్వేవారి స్వాల్‌బార్డ్ దీవుల ప్రాంతం. ఉత్తర ధ్రువానికి కూతవేటు, ధ్రువపు ఎలుగుబంట్ల రాజ్యం. కనుక ఈ పాఠం లేఖకదోషం కాదు. సీఆర్ఎస్ తప్పినవాడి ప్రతిలో 'గడలి', ఎక్స్-వై తప్పినవాడి ప్రతిలో 'మంచు'. రెండూ గ్రాహ్యాలే.

పరిహారమేమనగా, ఆ గడిలో 4326 అన్న కోడు పెట్టాలి. ఫోను జీపీఎస్ చూపే డిగ్రీలకు అదే పేరు. ఆ తరువాత ఎకరాలు, హెక్టార్లు లెక్కకట్టాలంటే 32644లోకి మార్చాలి. యూటీఎం 44వ జోన్, 78 నుంచి 84 డిగ్రీల నడుమ ఉన్న నేలకు కుట్టిన కొలత అది.

అలంకారము: అతిశయోక్తి అని కొందరు. స్వభావోక్తి అని మా మతం. జరిగింది జరిగినట్టే చెప్పాడు.

తాత్పర్యము

చదవకుండా ఎక్కించినవాడికి ఊరు సముద్రంలో కనబడెనని భావము.

విశేషములు

ఇన్‌స్టాల్ చేయడమే పెద్ద పని అని, అది దాటితే పటం దానంతటదే వస్తుందని లోకంలో భ్రమ. నెక్స్టులన్నీ పరీక్ష హాలు తలుపుల వంటివి, ప్రశ్నపత్రం సీఆర్ఎస్ గడి. ఆ ప్రశ్న చొప్పదండి పిల్లవాడికి ముందు మహామహులను ఏడిపించింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఉద్దేశం అదే: ఏ చుక్క ఎక్కడుందో ఖాయం చేయడం. అతని వద్ద 1818 చివర హైదరాబాదులో చేరిన జార్జి ఎవరెస్టు, మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచం పట్టాడు. కొండకు పేరు వచ్చింది తరువాత సంగతి. భూమి ఆకారానికి 1830లో ఆయన కట్టిన లెక్క మీదే మన పాత సర్వే పటాలు నడిచాయి. చొప్పదండి పడేది 56 ఎన్/2 అనే షీటులో. ఆ పాత షీటును స్కాన్ చేసి, లెక్క మార్చకుండా జీపీఎస్ చుక్కల కింద వేస్తే వంద మీటర్లకు మించిన తేడా వస్తుంది. చెరువు తూము పక్కవాడి మిరపతోటలో తేలుతుంది. ఇదీ సీఆర్ఎస్ పాపమే, కాకపోతే కడలి దాకా పోదు కనుక ఎవరూ పట్టించుకోరు. సముద్రంలో పడ్డ ఊరు ఎవరికైనా కనబడుతుంది. వంద మీటర్లు జరిగిన ఊరు మార్కులు కూడా తెచ్చుకుంటుంది.

ఉత్తర కథ

4326 పెట్టాక చొప్పదండి చొప్పదండిలోకి వచ్చింది. బాపు కుర్చీ లాక్కొని తెర ముందు కూర్చున్నాడు.

"మన పొలం గెట్టు ఏడున్నదో సూడరాదురా. పక్కోడు మూరెడు దున్నుకున్నడు."

ఇక్కడ వ్యాఖ్య అవసరం. మన గుంట అంటే 33 అడుగుల చదరం. నిజాం కాలం సర్వే గొలుసు ఆ 33 అడుగులే, దాన్ని పదహారు అణాలు చేశారు. అణా అంటే రెండడుగుల చిల్లర. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే దాని చూపు ఎనిమిదణాల మందం. గొలుసు పట్టిన తాత దానికంటే నయం.

"ఫోన్ జీపీఎస్ అంత సక్కగ సూపియ్యది బాపు. గెట్టు పంచాదికి సర్వేయరే రావాలె."

"మరి గంత నెట్ తిని ఏం సూపిస్తదిరా గిది?"

"చెరువు సూపిస్తది. గీ నీలం గీత ఎఫ్‌టీఎల్. చెరువు నిండితే నీళ్లు గీడిదాక రావాలె."

బాపు అద్దాలు పెట్టుకొని ముందుకు వంగాడు. ఉపగ్రహ చిత్రం మీద నీలం గీత, గీతకు లోపల తెల్లని చదరాలు.

"నీళ్లల్ల ఇండ్లున్నయేందిరా?"

"చెరువు శిఖంల కట్టినయి."

"గా మూలకు రేకుల షెడ్డు మీ పెద్దబాపుదే గద?"

"ఆయనదే."

"రేపు గిది మీ సారుకు సూపియ్యాల్నా?"

"సూపియ్యాలె."

"బంద్ చెయ్యి."

మూసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది: ప్రాజెక్టును సేవ్ చేయనా? సేవ్, డిస్కార్డ్, క్యాన్సెల్ అని మూడు బొత్తాలు. పిల్లవాడు వాటిలో ఏది నొక్కాడన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు.